పెళ్ళి వీడియోలు కట్ చేసేవాడు ఆషాఢమంతా డాక్యుమెంటరీలు చూస్తే

మా పనిలో ఒక రూలుంది, ఏ షాటూ నాలుగు సెకన్లు దాటకూడదు. దాటిందో, పెళ్ళికొడుకు తమ్ముడు ఫోన్ చేసి "అన్నా అక్కడ కొంచెం లాగ్ అవుతుంది చూడండి" అంటాడు. పదకొండేళ్ళ నుంచి తెనాలిలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తున్నా, జీలకర్ర బెల్లం నాలుగు సెకన్లు, తాళి కట్టేటప్పుడు స్లో మోషన్ కాబట్టి ఎనిమిది, తలంబ్రాలకి పాట బీటుని బట్టి కట్, అప్పగింతలకి వయొలిన్. ఇక ఆషాఢం వచ్చిందంటే ముహూర్తాలుండవు, పెండింగ్ ఆల్బమ్‌లు ఇచ్చేసాక చేతిలో పనుండదు, ఈసారి ఆ నెలంతా కూర్చుని ఈ నాలుగైదేళ్ళలో వచ్చిన డాక్యుమెంటరీలు ఆరు చూసా. పక్కన మా అమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటా కూర్చునేది. ఆవిడకి డాక్యుమెంటరీ అంటే వాళ్ళ చిన్నప్పుడు హాల్లో సినిమాకి ముందు వేసే నలుపు తెలుపు న్యూస్ రీలే, అది అయ్యేలోపు బయటకెళ్ళి జంతికలు కొనుక్కునేవాళ్ళంట.

నేను విమర్శకుణ్ణేం కాదు, ఎడిటర్ని. కాబట్టి నేను చూసేది రెండే, కెమెరా ఎక్కడ పెట్టారు, ఎంతసేపు ఆగారు. కథ బాగుందా, మెసేజ్ ఉందా అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

మొదలుపెట్టింది "ఆల్ దట్ బ్రీత్స్"తో. 2023 మార్చి 13 పొద్దున మనమంతా నాటు నాటుకి ఆస్కార్ వచ్చిందని స్టేటస్‌లు పెట్టుకుంటా గంతులేస్తున్నాం కదా, అదే రోజు అదే స్టేజీ మీద డాక్యుమెంటరీ ఫీచర్ విభాగంలో నామినేషన్ ఉన్న మన దేశం సినిమా ఇది, గెలవలేదు. అప్పుడు నేను పట్టించుకోలేదు, ఒప్పుకుంటున్నా. శౌనక్ సేన్ డైరెక్టర్. 2022లో అమెరికా సన్‌డాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో పెద్ద బహుమతీ, అదే ఏడు ఫ్రాన్స్‌లో కాన్ ఫెస్టివల్‌లో డాక్యుమెంటరీకిచ్చే బహుమతీ రెండూ దీనికే వచ్చినయ్యి.

విషయం వింటే ఇందులో ఏముందిలే అనిపిస్తది. ఢిల్లీ వజీరాబాద్‌లో నదీమ్, సౌద్ అని ఇద్దరు అన్నదమ్ములు, దెబ్బతిన్న గద్దలకి వైద్యం చేస్తారు, అంతే. వాళ్ళ అసలు వ్యాపారం సబ్బు డిస్పెన్సర్లు తయారుచెయ్యడం, ఆ బేస్‌మెంట్‌లోనే ఒక పక్క మెషిన్లు, ఇంకో పక్క అట్టపెట్టెల్లో గద్దలు. చిన్నప్పుడు ఒక గద్ద దొరికితే పక్షుల ఆసుపత్రికి తీసుకెళ్తే అది మాంసం తినే పక్షి, మేం చూడమన్నారంట, ఇక వీళ్ళే మొదలుపెట్టారు. అప్పట్లో బాడీబిల్డింగ్ పిచ్చి, ఆ పుస్తకాల్లో చదివిన కండరాలు, నరాల జ్ఞానమే వీళ్ళ డాక్టర్ చదువు. ఇరవై ఏళ్ళలో ఇరవై వేల పక్షుల పైనే వైద్యం చేసారు. ఎక్కువ కేసులు గాలిపటాల మాంజా కోసుకుపోయినవే. ఢిల్లీలో ఆగస్టు 15కి ఎగరేస్తారు, మన హైదరాబాద్‌లో సంక్రాంతికి. చైనా మాంజా దేశం మొత్తం మీద 2017లోనే ఎన్జీటీ, అంటే జాతీయ హరిత ట్రిబ్యునల్, బ్యాన్ చేసింది కానీ ప్రతి జనవరిలో ఎవరో ఒక బండి మీద వెళ్ళేవాళ్ళ మెడ తెగిందని వార్త చదువుతానే ఉంటాం, పక్షుల లెక్క ఎవరు రాస్తారు.

ఇందులో మొదటి షాటు గురించి చెప్పాలి. రాత్రి, ఖాళీ స్థలం, దూరంగా బండ్ల లైట్లు, కెమెరా నేల మీద పాక్కుంటా వెళ్తుంది, ముందు ఏం అర్థం కాదు, తర్వాత కదుల్తున్నయ్యి అన్నీ ఎలుకలని తెలుస్తది. పదులూ ఇరవైలూ కాదు, గుంపులు గుంపులు. సంగీతం అరిచి చెప్పదు, ఎవడూ వచ్చి "ఢిల్లీ నగరం..." అని గొంతు సవరించుకోడు. కట్ ఎప్పుడొస్తదా అని నా వేలు మౌస్ మీద ఆడతానే ఉంది, అలవాటు. రాలేదు. చూడగా చూడగా ఆ ఊరు మనుషులదొక్కటే కాదని నాకే అర్థమైంది. సినిమా అంతా ఇంతే, చెత్తకుప్పలో తాబేలు, నీళ్ళగుంటలో పురుగులు, వాటి వెనకాల మసగ్గా మనుషులు.

సాలిక్ అని వాళ్ళకి సాయం చేసే కుర్రాడు ఒకడున్నాడు, ఆటోలో పోతా పోతా చొక్కా జేబులోంచి ఉడుత పిల్లని బయటకి తీస్తాడు, మా అమ్మ చిక్కుడుకాయ వదిలేసి నవ్వింది. ఇంకోచోట మేడ మీదుండగా గద్ద వచ్చి కళ్ళజోడు ఎత్తుకుపోయిద్ది. ఇట్లాంటివి రాసుకుంటే రావు, కెమెరా పెట్టుకుని నెలల తరబడి అక్కడే కాపురం ఉండాలి. బయట 2019-20లో పౌరసత్వ చట్టం గొడవలు, ఈశాన్య ఢిల్లీ అల్లర్లు జరుగుతున్నయ్యి, అవి ఫోన్‌లో వార్తల్లా, దూరంగా మైకులో నినాదాల్లా వినపడతాయి, ఇంట్లోవాళ్ళ మాటల్లో భయం తెలుస్తది, కెమెరా మాత్రం వాటి వెంట పరిగెత్తదు. గద్ద రెక్కకి కట్టు కట్టే చేతుల దగ్గరే ఉంటది. నాకు ఇదే నచ్చింది. మాంసం కీమా కొట్టే మెషిన్ చెడిపోతే ఆ మెషిన్ గురించి వాళ్ళు పడే గొడవ, అన్నదమ్ముల మధ్య చిన్న చిన్న విసుగులు, ఒకడు అమెరికా చదువుకి వెళ్ళడం, అన్నీ పని మధ్యలోనే చెప్తారు.

ఒక కంప్లైంట్ ఉంది. కొన్నిచోట్ల ఫోటోగ్రఫీ మరీ అందంగా ఉంది, నీళ్ళలో నీడలూ పొగలో లైటూ చూస్తుంటే ఇది వాళ్ళ బేస్‌మెంటా, సెట్టా అని ఒక క్షణం డౌట్ వచ్చింది. అన్నదమ్ముల మాటలు పైనుంచి వినిపించేచోట కూడా కొంచెం కవిత్వం ఎక్కువైంది. అయినా ఆరిట్లో ఇదే మొదటిది నాకు.

అదే ఆస్కార్ రోజు గెలిచింది "ది ఎలిఫెంట్ విస్పరర్స్". షార్ట్ డాక్యుమెంటరీ, నలభై నిమిషాలు. కార్తికి గోన్సాల్వెస్‌కి మొదటి సినిమా, గునీత్ మోంగా నిర్మాత. తమిళనాడు ముదుమలై అడవిలో తెప్పకాడు ఏనుగుల క్యాంపు, కాట్టునాయకర్ తెగ దంపతులు బొమ్మన్, బెల్లి, వాళ్ళు పెంచిన ఏనుగు పిల్ల రఘు. దాని తల్లి కరెంటు షాక్‌తో చచ్చిపోయింది. ఇది చూసేటప్పుడు మనకి చిత్తూరు, పలమనేరు వైపు పొలాల కంచెలు గుర్తుకు రాకుండా ఉండవు, 2025 మేలో కర్ణాటక నుంచి కుంకీలని, అడవి ఏనుగుల్ని తరమడానికి శిక్షణిచ్చిన ఏనుగుల్ని తెచ్చుకుంది మనవాళ్ళు అందుకే కదా. తమిళం కాబట్టి అమ్మకి సగం నా సాయం లేకుండానే అర్థమైంది, రఘు తొండంతో చేసే గారాబానికి "ఒరే వీడు నీకంటే నయం, పెట్టింది తింటున్నాడు" అంది.

ఐదేళ్ళు తీసారు, 450 గంటల ఫుటేజ్ అంట. నాకు ఒక పెళ్ళికి మూడు కెమెరాలు కలిపి పద్నాలుగు గంటలొస్తేనే తల పగిలిపోయిద్ది, కాబట్టి ఆ ఎడిటింగ్ టేబుల్ మీద కూర్చున్నవాళ్ళకి ముందు దణ్ణం. కానీ నిజం చెప్పాలంటే ఇది మా పెళ్ళి వీడియో పద్ధతికి దగ్గరగా ఉంది. కొండ మీద సూర్యుడు, ఆకు మీద నీటిబొట్టు, జింక తల తిప్పడం, డ్రోన్, మళ్ళీ కొండ. రఘుని ఫారెస్ట్ వాళ్ళు వేరే మావటీలకి అప్పగించేచోట సంగీతం ఎక్కించారు చూడండి, అది అచ్చంగా మా అప్పగింతల బిట్టే. ఆ బాధ నిజం, బెల్లి మొహంలో ఉంది, ఆవిడకి అంతకుముందే కూతురు పోయింది, మొదటి భర్తని పులి చంపింది, ఇవన్నీ ఆవిడ మాములుగా పని చేసుకుంటా రెండు ముక్కల్లో చెప్తుంది. అట్లాంటి మనిషికి వయొలిన్ అవసరమా? ఆవిడ కూర్చున్నచోట ఇంకో ఇరవై సెకన్లు ఆగితే చాలు. చిన్నపిల్లలున్న ఇంట్లో మాత్రం ముందు ఇదే పెట్టండి, ఇది నచ్చని పిల్లాణ్ణి నేను చూళ్ళేదు.

మూడోది "రైటింగ్ విత్ ఫైర్". రింటు థామస్, సుష్మిత్ ఘోష్ తీసారు, 2021. ఉత్తరప్రదేశ్ బుందేల్‌ఖండ్‌లో ఎక్కువగా దళిత ఆడవాళ్ళు నడిపే పత్రిక ఖబర్ లహరియా, 2002లో చిత్రకూట్‌లో మొదలైంది, అది కాగితం నుంచి ఫోన్ వీడియోకి మారే రోజుల్లో మీరా, సునీత, శ్యామ్‌కలి అనే ముగ్గురు రిపోర్టర్ల వెనక తిరిగారు. ఆస్కార్ నామినేషన్ వచ్చిన మొదటి భారతీయ ఫీచర్ డాక్యుమెంటరీ ఇదే.

శ్యామ్‌కలికి స్మార్ట్‌ఫోన్ రాదు. అక్షరాలు ఇంగ్లీషులో ఉంటయ్యి, ఎక్కడ నొక్కాలో తెలీదు. ఆవిడ మొదట ఫోన్ పట్టుకునే తీరూ చివర్లో పట్టుకునే తీరూ చూడండి చాలు, మొత్తం సినిమా ఆ చేతిలోనే ఉంది. సునీత చిన్నప్పుడు గనుల్లో పనిచేసిన పిల్ల, అదే గనుల్లోకి అక్రమ తవ్వకాల వార్త కోసం వెళ్తుంది, చుట్టూ మగాళ్ళు "ముందు మా గురించి మంచిగా రాయి" అని జోకులేస్తుంటే తొణక్కుండా నిలబడిద్ది. మీరా కత్తి పట్టుకు తిరిగే ఒక కుర్ర లీడర్‌ని ఇంటర్వ్యూ చేస్తది, ఒక్క ముక్క గట్టిగా అనదు, అడుగుతానే ఉంటది, వాడే వాడి గురించి అంతా చెప్పేస్తాడు.

అయితే దీనికో తోక ఉంది, అది తెలిసే చూడాలి. 2022లో ఆస్కార్‌కి కొంచెం ముందు ఖబర్ లహరియా వాళ్ళే ఒక ప్రకటన ఇచ్చారు, సినిమా బలంగా ఉంది కానీ మేం ఒక్క పార్టీ వార్తల మీదే పడి ఉన్నట్టు చూపించారు, అది మా పూర్తి కథ కాదు అని. ఇది చదివాక నాకు మా షాపులో జరిగింది గుర్తొచ్చింది. ఒక పెళ్ళికూతురు డెలివరీ తీసుకున్న వారానికి ఫోన్ చేసి "అన్నా నేను అంత ఏడవలేదు కదా, రెండు చుక్కలు, మీరేంటి మూడుసార్లు వేసారు" అంది. నిజమే, ఒకే కన్నీటిని మూడు కెమెరాల నుంచి మూడుసార్లు వాడా. అబద్ధం ఒక్క ఫ్రేమ్ కూడా లేదు, మొత్తం కలిపితే ఆ పిల్ల కాదు. దర్శకులు తప్పు చేసారని అనట్లేదు, నాలుగేళ్ళ ఫుటేజ్‌లోంచి గంటన్నర తియ్యాలంటే ఏదో ఒక దారం పట్టుకోవాలి, కానీ ఏ దారం అనేది తీసేవాడి చేతిలోనే ఉంటదని మా పని చేసేవాళ్ళందరికీ తెలుసు, బయటకి చెప్పరు.

దీని మధ్యలో ఒక సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఇవన్నీ చూసి అబ్బో యూపీలో ఆడవాళ్ళు అనుకుంటున్నాం గానీ మన జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత రైతు ఆడవాళ్ళు ఎప్పట్నుంచో కెమెరా పట్టుకుని జొన్నల మీద, విత్తనాల మీద, బీటీ పత్తి నష్టాల మీద వాళ్ళే సినిమాలు తీసుకుంటున్నారు, 2008 నుంచి సొంత రేడియో కూడా ఉంది. వాళ్ళు షాట్లకి పెట్టుకున్న పేర్లు వింటే మతిపోద్ది. పైనుంచి కిందకి చూసేది పటేల్ షాట్, ఎందుకంటే పటేల్ గద్దె మీద కూర్చుని కూలోళ్ళని అట్లాగే చూస్తాడు కాబట్టి. కింద నుంచి పైకి చూసేది జీతగాడి చూపు. కళ్ళకి సమానంగా పెడితే సంఘం షాట్, సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు కదా. నేను ఇన్నేళ్ళు లో యాంగిల్, హై యాంగిల్ అని బట్టీపట్టా, ఒక్కరోజు కూడా ఎవడు ఎవణ్ణి చూస్తున్నాడు అని ఆలోచించలా. మా డ్రోన్ షాట్లన్నీ పటేల్ షాట్లే అని అర్థమయ్యి రెండు రోజులు నవ్వుకున్నా.

ఈ లెక్కలో చూస్తే పూర్తిగా సంఘం షాట్ సినిమా అంటే "అగెయిన్‌స్ట్ ద టైడ్". సర్వ్‌నిక్ కౌర్, 2023. ముంబై కోలీ జాలర్లు, ఇద్దరు స్నేహితులు, రాకేష్‌ది నాన్న ఇచ్చిన పాత పడవ, ఒడ్డుకి దగ్గర్లో పాత పద్ధతి వేట. గణేష్ స్కాట్లాండ్‌లో చదువుకొచ్చాడు, పెద్ద బోటు, అప్పులు, డీప్ సీ. చేపలు లేవు ఇద్దరికీ. గణేష్‌కి ఎల్ఈడీ లైట్లు పెట్టి చేపల్ని లాగాలనిపిస్తది, మన దేశంలో అది 2017లో నిషేధించారు. ఇద్దరూ తాగుతా వాదించుకుంటా ఉంటే కెమెరా మూడో స్నేహితుడిలా పక్కన కూర్చుని ఉంటది, గ్లాసు అందివ్వడమే తక్కువ. నాకు ఎవడు కరెక్టో చివరిదాకా తేలలా, అదే కావాలి. విశాఖలో 2022 జనవరిలో రింగు వలల మీద జాలరిపేటల మధ్య గొడవలు అయినప్పుడు టీవీల్లో కాలిన బోట్లే చూసాం, ఆ గొడవ ఇంట్లో ఎట్లా మొదలైద్దో చూడాలంటే ఇది చూడండి. రాకేష్ పుట్టిన పిల్లాడికి గుండె జబ్బు అని తెలిసే భాగం దగ్గర నేను వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చా. కొంచెం నిడివి తగ్గించొచ్చు, మధ్యలో ఒక పావుగంట అదే వాదన తిరిగి తిరిగి వచ్చింది.

"ఏజెంట్ ఆఫ్ హ్యాపీనెస్" గురించి ఎక్కువ చెప్పను, భూటాన్, 2024. ఆనందాన్ని కొలిచే ప్రభుత్వ సర్వే ఉంది కదా, ఆ సర్వేకి ఊళ్ళు తిరిగే అంబర్ గురుంగ్ కథ. 148 ప్రశ్నలు. మీకెన్ని ఆవులున్నాయి దగ్గర్నుంచి. సమాధానాలయ్యాక ఆ మనిషి ఫ్రేమ్ మీద మార్కులు పడతాయి, భలే ఐడియా, ముగ్గురు పెళ్ళాలున్న ఒక ఆసామికి ఎంత వచ్చిందో ఆ పెళ్ళాలకి ఎంత వచ్చిందో చూస్తే నవ్వొస్తది, తర్వాత నవ్వు ఆగిపోయిద్ది. తాగుడు మానలేని తల్లితో వేగే ఒక పిల్ల ఉంది, ఆ పిల్ల దగ్గర నాకు మార్కులు కనపడకపోతే బాగుండనిపించింది. అసలు అంబర్‌కే పౌరసత్వం లేదు, నేపాలీ కుటుంబం, చిన్నప్పుడే తీసేసారు. నలభై దాటింది, పెళ్ళి కాలేదు, ముసలి తల్లి. దేశం ఆనందాన్ని లెక్కేసేవాడు ఆ దేశం పౌరుడు కాదు. డైరెక్టర్లు అరుణ్ భట్టరాయ్, డొరొత్యా జుర్బో ఈ పాయింటు మీద కూర్చోకుండా నెమ్మదిగా వదిలారు, బాగుంది, కానీ కార్లో పాటలు, కొండ మలుపులు మాత్రం టూరిజం యాడ్‌లా ఎక్కువయ్యాయి. అమ్మకి ఆ ప్రశ్నలు చదివి వినిపిస్తే "ఆవుల్ని అడిగాడు, బర్రెల్ని అడగలేదేం" అంది, సర్వే మీద ఆవిడ అభ్యంతరం అదొక్కటే.

మధ్యలో సర్వీసు గురించి కూడా ఒక మాట, ఇది రివ్యూ కాబట్టి. వీటిలో ఒకటి ఒక యాప్‌లో అద్దెకి తీసుకున్నా, పేరొద్దు. డబ్బులు కట్టాక సబ్‌టైటిల్స్ మాటకంటే రెండు సెకన్లు ముందొస్తున్నయ్యి, మనిషి నోరు తెరవకముందే వాడేం చెప్తాడో మనకి తెలిసిపోతుంది, జ్యోతిష్యం చూసినట్టు. కస్టమర్ కేర్‌లో ఇంటర్నెట్ చెక్ చేసుకోండి సార్ అన్నారు. నేను ఎడిటర్నమ్మా, సింక్ అంటే ఏంటో నాకు తెలుసు అని చెప్పినా అదే మాట. డబ్బులు వెనక్కి రాలేదు. నేను చూసినచోట తెలుగు సబ్‌టైటిల్స్ కూడా కనపడలా, నెలంతా అమ్మకి పక్కన కూర్చుని నేనే చదివి చెప్పా, గొంతు పోయింది. సీరియళ్ళకి పది భాషల్లో డబ్బింగ్ చెప్పించేవాళ్ళకి గంటన్నర సినిమాకి తెలుగు అక్షరాలు వెయ్యడం ఏం కష్టమో.

ఇక ఆఖరిది "నాక్టర్న్స్". అనిర్బన్ దత్తా, అనుపమా శ్రీనివాసన్, 2024. సన్‌డాన్స్‌లో క్రాఫ్ట్‌కి స్పెషల్ జ్యూరీ అవార్డు వచ్చింది, వచ్చింది కాబట్టి కాదు గానీ ఎడిటింగ్ సౌండ్ నేర్చుకునే పిల్లలెవరైనా ఉంటే ముందు దీన్ని చూడండి. అరుణాచల్ అడవుల్లో మాన్సి అనే శాస్త్రవేత్త, బికి అని అక్కడి బుగున్ తెగ కుర్రాడు, రాత్రిళ్ళు కొండ మీద వేరే వేరే ఎత్తుల్లో తెల్లబట్ట కట్టి లైటేసి వాలే శలభాల్ని ఫోటో తీసి లెక్కపెడతారు. బట్ట మీద గళ్ళు గీసి ఉంటయ్యి, ఆ గళ్ళతో పురుగు సైజు కొలుస్తారు. వేడి పెరిగితే ఇవి ఏ ఎత్తుకి జరుగుతాయి అనేది ప్రశ్న. సినిమా అయ్యేదాకా ఇదే పని, వానొస్తే ఆగడం, మళ్ళీ బట్ట కట్టడం, ఎదురుచూడటం. మాటలు తక్కువ. రెక్కలు బట్టకి కొట్టుకునే టపటప చప్పుడు, ఆకుల మీంచి నీళ్ళు, జనరేటర్ రొద ఎక్కడో. ఫోన్ స్పీకర్లో చూస్తే ఒక్క ముక్క ఎక్కదు, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, గదిలో లైటు తీసెయ్యండి. ఒకచోట బట్ట నిండా వాలిన వాటి మీద కెమెరా అట్లాగే నిలబడిపోయింది, నేను టైమ్ చూసుకోవడం మర్చిపోయా, మామూలుగా ప్రతి షాటుకీ చూసుకుంటా.

తొలకరికి మన వీధిలైటు కింద ఉసిళ్ళు లేస్తయ్యి చూడండి, బల్బు కింద పళ్ళెంలో నీళ్ళు పెడితే అన్నీ అందులో పడి తెల్లారేసరికి రెక్కల గుట్ట, నాకు అదే గుర్తొచ్చింది. అమ్మ పదిహేనో నిమిషానికే పడక్కుర్చీలో నిద్రపోయింది, ఆ బట్ట సీన్ వచ్చినప్పుడు లేపి చూపించా. కళ్ళు నలుపుకుని కాసేపు చూసి "ఇట్లాంటివి కాదుగానీ ఉసిళ్ళయితే మా అమ్మ వేపించి ఉప్పు కారం చల్లిపెట్టేది, భలే ఉండేవి" అని చెప్పి మళ్ళీ పడుకుంది.